బంతి వదలడం నేర్పిన మాస్టారు

సాయంత్రం బడి వదిలాక మా రోలుగుంటలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. పుస్తకాల సంచులే గోలుపోస్టులు. బంతి ఎటు పోతే గుంపంతా అటే పరిగెడుతుంది. కాస్త ఆట వచ్చిన గుంటడి కాలికి బంతి చిక్కిందంటే ఇక వదలడు. ఒకణ్ణి తప్పిస్తాడు, ఇంకొకణ్ణి తప్పిస్తాడు, మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. అవతల గోలు ముందు ఒంటరిగా నిలబడి "ఇటియ్యిరా, ఇటియ్యి" అని అరిచేవాడు అరుస్తూనే ఉంటాడు. నాలుగు రోజులు అలా అరిచాక ఐదో రోజు వాడు ఆటకి రావడం మానేస్తాడు.

పిల్లల జట్టు చెడిపోయేది అక్కడే. పెద్దవాళ్లం వెళ్లి "కలిసికట్టుగా ఆడండర్రా" అని నాలుగు మాటలు చెప్పి వచ్చేస్తాం. మన మాట మైదానం గట్టు దాటేలోపే గాలికి పోతుంది. ఈ చిక్కుముడిని మాటలతో కాకుండా ఆట నిబంధనలతోనే విప్పిన బడి పంతులు ఒకాయన మన తెలుగునేల మీదే ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్.

1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివి, హైదరాబాదులోని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చుకుంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి జకార్తా కథ తెలుసు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ పతకాల వెనక, కుర్రాళ్ల ఆటలో ఆయన చూపిన పనితనం.

ఆ రోజుల్లో మన దగ్గర గొప్ప ఆటగాడంటే బంతిని కాలికి అతికించుకుని నలుగుర్ని ఏమార్చేవాడే. చప్పట్లన్నీ వాడికే. రహీం సాబ్ కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. బంతి వచ్చిందా, ఒక్క తాకుతో ఇంకొకడికి అందించెయ్యాలి. అట్టేపెట్టుకోకూడదు.

వినడానికి చిన్న నిబంధనే. మైదానంలో అది చేసే పని ఎంతటిదో దగ్గర్నుంచి చూద్దాం. ఒకే తాకు ఉన్నప్పుడు, బంతి కాలి దగ్గరికొచ్చాక ఎవరికివ్వాలా అని వెతుక్కునే వ్యవధి ఉండదు. కాబట్టి బంతి ఇంకా దారిలో ఉండగానే కుర్రాడు తలెత్తి చూడాలి. మనవాడు ఎక్కడున్నాడు, ఎటు కదులుతున్నాడు, వాడికి కుడివైపు ఇవ్వాలా ఎడమవైపు ఇవ్వాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అంతవరకూ తన కాలినీ బంతినీ తప్ప దేన్నీ చూడని కళ్లు మొదటిసారి తోటివాడి మీద పడతాయి. ఇక బంతి లేనివాడి సంగతి. నిలబడి చోద్యం చూస్తే కుదరదు. అందుకోవడానికి వీలైన చోటికి పరిగెత్తాలి, నోరు విప్పి పిలవాలి. ఆట అంతగా రానివాడికి కూడా బంతి ఇవ్వక తప్పదు, ఎందుకంటే ఆ క్షణంలో ఖాళీగా ఉన్నది వాడే. పదిసార్లు బంతి అందుకున్నవాడు పదకొండోసారి తడబడడు. "స్వార్థం మానుకో" అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. స్వార్థానికి ఆటలో చోటు లేకుండా చేశారు, అంతే.

మన చెడుగుడులో ఈ కిటుకు పిల్లలందరికీ తెలుసు. కూతకొచ్చినవాణ్ణి ఒక్కడే పట్టబోతే జారిపోతాడు. చేతులు కలిపి గొలుసు కట్టినప్పుడే దొరుకుతాడు. రహీం సాబ్ ఆ గొలుసుని కాళ్లతో కట్టించారు.

ఆయన పెట్టిన మరో పోటీ ఇంకా నచ్చుతుంది నాకు. అందులో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. రెండు కాళ్లూ పదునెక్కాలన్నది పైకి కనిపించే ప్రయోజనం. దాని అడుగున ఇంకొకటుంది. ఆ పూట జట్టులో మొనగాడు కూడా కొత్తగా నేర్చుకునేవాడే. నిన్నటిదాకా తోటివాడి తన్ను పక్కకి పోతే నవ్వినవాడి తన్ను ఇవాళ పక్కకి పోతుంది. రానితనం ఎలా ఉంటుందో వాడి ఒంటికే తెలుస్తుంది. వెక్కిరింత దానంతటదే తగ్గుతుంది. జట్టంతా ఒకే బెంచీ మీద కూర్చున్నట్టవుతుంది. ఏళ్ల తరబడి తరగతి గదిలో ముందు బెంచీనీ వెనక బెంచీనీ చూసిన పంతులుకే ఇలాంటి ఆలోచన వస్తుంది.

కుర్రాడు మైదానందాకా రాలేకపోతే ఈ నిబంధనలేవీ పనికిరావు. అదీ ఆయనకి తెలుసు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడుండేవాడు. శిక్షణకి హైదరాబాదు రావాలంటే దారిఖర్చుకి డబ్బుల్లేవు. అద్దె సైకిలు కోసం రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చేవారు. బలరాం పెద్దవాడయ్యాక కూడా ఆ రూపాయిని తలుచుకునేవాడు. 1956లోనూ 1960లోనూ ఒలింపిక్స్ ఆడి, 1962 స్వర్ణ జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామిల సరసన నిలిచిన బలరాం అతనే. కోచ్ పని విజిల్‌తో మొదలవుతుందని మనం అనుకుంటాం. ఆయన పని అంతకుముందే, కుర్రాడి ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది.

ఓటమిని కూడా ఆయన పనిముట్టులాగే వాడుకున్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ ఏడాది స్వర్ణం గెలిచిన హంగరీ ఆటలోంచి ఆయన పాఠం తీసుకున్నారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి దించి, జట్టుని కొత్తగా అమర్చారు. అక్కడ మనం ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

ఈ పనితనమంతా ఒక్కచోట కనిపించింది జకార్తాలో. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయిలాండ్‌తో ఆడుతుండగా జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ వెనక గోడలా నిలిచే డిఫెండర్. అలాంటివాణ్ణి సెమీఫైనల్లో ముందుకి తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం సాబ్. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. ఇంత మార్పుని జట్టు తడుముకోకుండా అందుకుందంటే, ఎవరి చోటు వాళ్ల సొంత ఆస్తి కాదన్న అలవాటు అప్పటికే వాళ్లకి ఒంటబట్టి ఉండాలి.

రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఫైనల్ ముందు రోజు రాత్రి కుర్రాళ్లని పిలిచి, రేపు నాకు మీరొక కానుకివ్వాలి, ఆ స్వర్ణం గెలిచి తేవాలి అని అడిగారట. ఏళ్లు గడిచాక కూడా ఆటగాళ్లు ఆ రాత్రిని చెప్పుకునేవారు. 1962 సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది నిండిన స్టేడియంలో, జనమంతా మనకి వ్యతిరేకంగా కేకలేస్తుంటే, అదే దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. ఆయన అడిగిన ఒక్క మాటకి కుర్రాళ్లు అంతగా కదిలిపోయారంటే, ఆ మాట వెనక అద్దె సైకిలు రూపాయిల దగ్గర్నుంచి కూడిన ఏళ్లున్నాయి. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ స్వర్ణం రాలేదు.

మా రోలుగుంటలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ పిల్లల్ని ఆడించే డ్రిల్లు మాస్టార్లకి నాదొక మనవి. ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. వారంలో ఒక సాయంత్రం ఒకే తాకు ఆట పెట్టండి. ఇంకో సాయంత్రం వాటం లేని కాలితో ఆడించండి. ఏ పిల్లవాడైనా రావడం మానేస్తే వాడింటికి వెళ్లి ఎందుకు రావట్లేదో అడగండి. గోలు ముందు ఒంటరిగా నిలబడి అరిచే పిల్లవాడికి బంతి అందిన రోజున మీకు జట్టు దొరికినట్టే.