నడిమి బిగువు

ట్రయంఫ్ టీఆర్3 కారు గురించి చెప్పేవాళ్లు ముందు దాని కోత తలుపులను పొగుడుతారు, ఆ తర్వాత 1956లో ముందు చక్రాలకు వచ్చిన డిస్క్ బ్రేకులను పొగుడుతారు. స్టీరింగ్ బాక్సు పేరెత్తేది మాత్రం తిట్టడానికే. బండి తిన్నగా నిలవదనీ, స్టీరింగ్ కొంతమేర ఊరికే తిరుగుతుందనీ, లేదా మలుపు దాటాక దానంతటది వెనక్కి రాదనీ ఫిర్యాదు. నన్నడిగితే ఈ తిట్లలో చాలా భాగం, దాన్ని విప్పి తొందరగా మూసేసిన చేతులకు చెందాలి.

కోవెంట్రీ శివారు కాన్లీలో తయారైన టీఆర్2, టీఆర్3లకు బిషప్ కామ్ రకం పెట్టె పెట్టారు. ఎంజీ టీసీకీ ఈ రకమే. లోపల ఉండేవి కొద్ది భాగాలు. స్టీరింగ్ నుంచి దిగివచ్చే పొడవాటి రాడ్డు కొసన, మెలికలుగా గాడి కోసిన ఉక్కు కామ్. ఆ గాడిలో కూర్చునే మొన తేలిన పెగ్గు. పెగ్గును మోసేది రాకర్ షాఫ్టు. స్టీరింగ్ తిప్పితే, గ్రామఫోన్ ప్లేటు గాడి ముల్లును నడిపినట్టు, కామ్ గాడి పెగ్గును పక్కకు నడుపుతుంది. దాంతో షాఫ్టు తిరుగుతుంది, షాఫ్టు కొసన స్ప్లైన్ల మీద బిగిసిన డ్రాప్ ఆర్మ్ కడ్డీల ద్వారా చక్రాలను తిప్పుతుంది.

పనితనమంతా ఆ గాడి కోతలో ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా దాన్ని ఒకే బిగువుతో కోయలేదు. బండి తిన్నగా పోయేటప్పుడు పెగ్గు ఉండే నడిమి చోట బిగువు, రెండు లాకుల వైపు, అంటే స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఆగే కొసల వైపు, వెళ్లేకొద్దీ వదులు. ఏ బండి అయినా ఎక్కువ సేపు తిన్నగానే పోతుంది, కాబట్టి అరుగుదల నడుమే ఎక్కువ. అలా అరిగినప్పుడు పై మూత మీది స్క్రూను కాస్త తిప్పి పెగ్గును గాడిలోకి లోతుగా దించుకోవచ్చు. పక్కలు ముందునుంచీ వదులే గనక అక్కడ పట్టేయదు. ఏళ్ల తర్వాత రాబోయే అరుగుదలకు కొత్త భాగంలోనే చోటు విడిచారన్నమాట. ఇంత సాదా పెట్టెలో ఇంత ముందుచూపు ఉందంటే, డ్రాయింగు గీసినవాళ్లకు దండం పెట్టాలి.

మళ్లీ కూర్చేటప్పుడు తప్పు జరిగేదీ ఇక్కడే. బల్ల మీద పెట్టె ఏ స్థితిలో ఆగితే ఆ స్థితిలోనే స్క్రూ బిగిస్తారు. అది లాకు దగ్గర అయితే, అక్కడి సహజమైన వదులును అరుగుదల అనుకుని తీసేస్తారు. ఇక నడిమికి రాగానే పెగ్గు గాడిలో పట్టేస్తుంది. రోడ్డెక్కాక స్టీరింగ్ బరువెక్కింది, తిరిగి రావడం లేదు అని ఫిర్యాదు మొదలవుతుంది. అలాగే నడిపితే గాడి చెక్కిళ్లు దెబ్బతింటాయి. పనితెలిసిన ఫిట్టరు ముందు ఈ లాకు నుంచి ఆ లాకుకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగానికి వెనక్కి వచ్చి, అక్కడ మాత్రమే స్క్రూ ముట్టుకుంటాడు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోకుండా స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని, బిగించాక మళ్లీ తిప్పి చూస్తాడు.

అయితే స్క్రూ వంతు చివరిది. అంతకు ముందు కామ్‌కు అటూ ఇటూ ఉన్న బేరింగులు సర్దుకోవాలి. ఆ సర్దుబాటు కొస మూత కింద పెట్టే పల్చటి రేకులతో, అంటే షిమ్ములతో, జరుగుతుంది. షిమ్ము తీస్తే బేరింగులు బిగుస్తాయి, చేరిస్తే వదులవుతాయి. ఈ పని రాకర్ షాఫ్టు బయట ఉండగానే చేయాలి. పెగ్గు గాడిలో ఉంటే చేతికి తగిలే బిగువు బేరింగులదో పెగ్గుదో తెలియదు. బేరింగులు మరీ బిగిస్తే గోళీలు దారిలో గుంటలు పెడతాయి, స్టీరింగ్ గరుకుగా మెట్లుమెట్లుగా తిరుగుతుంది. వదిలేస్తే లోపలి రాడ్డు నిలువునా కదులుతుంది. స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ లాగి చూస్తే ఆ సంగతి ఇట్టే దొరుకుతుంది. ఆయిల్ కారకుండా అని కొస మూతకు సీలెంట్ దట్టంగా పులిమేవాళ్లున్నారు. ఆ మందం కూడా షిమ్ము లెక్కలోకే వస్తుందని మర్చిపోతారు.

నడుమ సర్దాక కూడా పక్కలకు తిప్పితే పట్టేస్తోందంటే స్క్రూ పని అయిపోయినట్టే. కామ్ నడుమ మరీ అరిగింది, లేదా పెగ్గు ఒక పక్క చదునైంది. పెగ్గు మార్చొచ్చు. కామ్ అరిగితే ఎంత తిప్పినా లాభం లేదు. షాఫ్టు నడిచే బుష్ అరిగినా ఇలాంటి ఊగిసలాటే కనిపిస్తుంది. దాన్ని కామ్ మీదికి తోసేయకుండా, షాఫ్టును పక్కకు ఊపి ముందే చూసుకోవాలి.

డ్రాప్ ఆర్మ్ విషయంలో ఓపిక కావాలి. గట్టిగా పట్టి ఉంటుంది గనక పుల్లర్‌తో తీయాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా పెగ్గుకూ గాడికీ తగులుతుంది. విప్పేముందు గుర్తు పెట్టుకోకుండా, తిరిగి ఒక్క పన్ను అటో ఇటో ఎక్కించారో, పెట్టె నడిమి ఒకచోట, చక్రాల నడిమి మరోచోట. అప్పుడు బండి తిన్నగా పోతున్నా పెగ్గు వదులు చోట ఉంటుంది. సర్దుబాటు ఎంత బాగా చేసినా స్టీరింగ్ ఊరికే తిరగడం పోదు. ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా తిరగడం దీనికి సాక్ష్యం.

ఇంత చేశాక, బల్ల మీద నూనెలా తిరిగిన పెట్టె బండిలో బిగించగానే బిర్రబిగిసిందనుకోండి. పెట్టెను మళ్లీ విప్పకండి. పెట్టె ఛాసిస్ ముందు భాగంలో, రాడ్డు పై కొస డాష్‌బోర్డు కింద. రెండు పట్టులూ ఒకే గీతలో లేకపోతే మధ్యలో అంత పొడవాటి రాడ్డు వంగి బుష్‌ను ఒరుసుకుంటుంది. పట్లన్నీ వదులు చేసి, రాడ్డును దానంతటది సర్దుకోనిచ్చి, అప్పుడు ఒక్కొక్కటే బిగించాలి. ఆఖరుగా, హారన్, సిగ్నల్ తీగలు దిగే సన్నని గొట్టం పెట్టె అడుగున బయటికొచ్చే చోట కారకుండా పట్టే రింగు, ఆలివ్, కొత్తది వేయాలి. పాతదాన్నే ఎంత బిగించినా పెట్టెలోని తొంభై నంబరు గేరాయిల్ అక్కడే కారుతుంది.

1961లో వచ్చిన టీఆర్4కు ర్యాక్ అండ్ పినియన్ పెట్టారు, నడపడానికి అదే మేలు. కానీ టీఆర్3 పెట్టె చెడ్డదనే మాట నేను ఒప్పుకోను. మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న ప్రీమియర్ పద్మినిలో ఉన్నది వర్మ్ అండ్ రోలర్ పెట్టె. రకం వేరైనా దానికీ సర్దుబాటు తిన్నని స్థితిలోనే. మీ ఇంట్లో ఒకటి ఉండి, మెకానిక్ స్క్రూ మీద చేయి వేస్తే, ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో ఒకసారి చూడమనండి.