మూల కోసిన వీధులు

ఇల్లు చూడటానికి వెళ్తే మనం ముందు హాలు కొలుస్తాం, వంటింట్లోకి తొంగిచూస్తాం, తూర్పు ముఖమేనా అని అడుగుతాం. బార్సిలోనాలోని ఎషాంప్ల పేటలో మాత్రం ముందుగా వీధిమూలన కాసేపు నిలబడాలి. ఆ పేట పనితనమంతా అక్కడే ఉంది.

కోటగోడల మధ్య ఇరుక్కుని, కలరాతో అల్లాడిన పాత ఊరికి ఊపిరి పోయడానికి వేసిన పథకం ఇది. 1859లో ఆమోదం పొందింది. గీసినవాడు ఇల్దెఫొన్స్ సెర్దా అనే ఇంజనీరు. కార్మికుల కూలి ఎంత, ఇంటి ఖర్చెంత అని ముందే లెక్కలు కట్టిన మనిషి. అందుకే ఆయన కొలతలు నడిచేవాడి పక్షాన ఉంటాయి. మామూలు వీధి వెడల్పు 20 మీటర్లు. అందులో సగం బండ్లకు, సగం మనుషులకు. అంటే రెండు పక్కలా చెరో 5 మీటర్ల కాలిబాట! మన పాతబస్తీల్లో మొత్తం వీధే అంత ఉండదు. ఒక్కో బ్లాకు 113 మీటర్ల చదరం. ఈ వీధి నుంచి పక్క వీధికి రెండు నిమిషాల నడక.

ఇక ఆ మూల. ప్రతి బ్లాకుకీ నాలుగు మూలలనూ ఏటవాలుగా కోసేశాడు సెర్దా. దాంతో నాలుగు వీధులు కలిసిన చోటల్లా ఎనిమిది పలకల ఖాళీ ఏర్పడింది. రేపు ఆవిరిబండ్లు వీధుల్లోకి వస్తాయి, మలుపు తిరగడానికి వాటికి చోటు కావాలని ఆయన ఆలోచన. కారు ఇంకా పుట్టనే లేదు! అలా కోసిన గోడకే ఇవాళ మందులషాపో కాఫీ కొట్టో ఉంటుంది, రెండు వీధుల వాళ్లకీ కనబడుతూ. అయితే తిన్నగా నడిచేవాడు ప్రతి కూడలిలోనూ కాస్త పక్కకు తిరిగి దాటాలి. ఆ లోటు నిజమే. అయినా చేతిసంచితో నిలబడి పలకరించుకోవడానికి అంత వెలుతురున్న చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

సెర్దా అనుకున్నవన్నీ జరగలేదు. బ్లాకుకు రెండు వైపులే కట్టి నడుమ తోట వదలమన్నాడు. స్థలాల వాళ్లు నాలుగు వైపులా కట్టేశారు. అలా మూసుకుపోయిన పెరళ్లను నగరం ఇప్పుడు ఒక్కొక్కటిగా తెరిపిస్తోంది. రోజెర్ దె ల్యూరియా వీధిలో పాత నీళ్ల టవరున్న పెరడు 1987లో జనానికి దక్కింది. 2023 నాటికి కొన్సెల్ దె సెంత్ వీధిలో చాలా భాగంలో నడిచేవారికే మొదటి చోటు ఇచ్చారు.

అక్కడ ఇల్లు వెతుక్కునేవారికి ఒక మాట. ప్రకటనలో మొదటి అంతస్తని ఉంటే మెట్లు లెక్కపెట్టుకోండి. కింద దుకాణం, పైన ఎంత్రెసోల్ అనే నడిమి అంతస్తు, ఆపైన ఒకప్పటి యజమానులుండే ప్రిన్సిపాల్ అనే అంతస్తు, ఆ తర్వాతే ఒకటో అంతస్తు. మన లెక్కలో అది మూడోది. వెనక గది కిటికీ తెరిచి పెరడెలా ఉందో చూడండి. దిగివచ్చి మూల దాకా నడవండి. అద్దె సంగతి ఆ తర్వాత మాట్లాడండి.