జీడితోటలో కుక్క

వేసవికి ఉద్దానం వచ్చే బంధువుల వెంట ఈమధ్య లాబ్రడార్లు కూడా కార్లు దిగుతున్నాయి. దిగీదిగగానే ఒకటే ప్రశ్న: జీడిచెట్ల కింద కుక్కను వదలొచ్చా? వజ్రపుకొత్తూరు వైపు ఓ తోట కాపలా పెద్దాయన్ని ఇదే అడిగితే నవ్వేశాడు. "ఏటవుద్ది బావూ, మా కుక్క పిల్లల్ని పెట్టిందే ఈ సెట్టు కింద!"

చెట్టు వరకూ ఆయన మాట నిజమే. నీడకి, రాలిన ఆకుకి కుక్క పొక్కిపోదు. పైగా కాపు రోజుల్లో పండు వాసనకి ఎలుగులు దిగే ప్రాంతమిది. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఎలుగుబంటి చేసిన దాడులు ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. తెల్లారకముందే పిక్కలు ఏరడానికి వెళ్లేవాళ్లకి ముందు నడిచే కుక్క మొరుగే ధైర్యం.

ముప్పంతా పిక్కలో ఉంది. పైతొక్కలో దాగిన చిక్కటి నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి. చర్మానికి తగిలితే బొబ్బలే. మామిడి సొన, చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడి, ఇవన్నీ ఒకే కుటుంబం. పలాసలో పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. కుక్కకి ఒంటి నిండా బొచ్చు అడ్డమే గానీ ముక్కుకి, పెదవులకి, నాలుకకి, పొట్ట కింద పలచటి చర్మానికి ఏ అడ్డూ లేదు. ఊరి కుక్కలు పచ్చిపిక్క జోలికి పోగా నేను చూడలేదు. బంతి కనిపిస్తే నోట కరుచుకునే పట్నం కుక్క మాత్రం పోతుంది. పోతే నోరు నీళ్లతో బాగా కడగాలి, బొచ్చుకి అంటితే చేతులకి తొడుగులు వేసుకుని సబ్బుతో రుద్దాలి. మింగిందని మీ అంతట మీరు కక్కించకండి. లోపలికి పోతూ కాల్చిన నూనె బయటికొస్తూ మళ్లీ కాలుస్తుంది. వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.

చిల్లుల పెంకులో పిక్కలు కాల్చే సరదా ఉంది చూశారూ, అప్పుడైతే కుక్కనీ పిల్లల్నీ గాలివాలుకి ఎదురుగా, దూరంగా ఉంచాలి. నూనె భగ్గున మండి చిమ్ముతుంది, పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది. పూతమీద తేయాకు దోమకి మందు కొట్టిన రోజు కుక్కను తోటకే తీసుకెళ్లకూడదు. జీడినూనె కన్నా ఆ మందు డబ్బా కడిగిన నీళ్లే నాకు ఎక్కువ భయం.

కాల్చి ఒలిచిన పప్పు విషం కాదు. ఉప్పూకారం లేనివి ఒకటీ అరా పెడితే ఏమీ కాదు. కాకపోతే అందులో దాదాపు సగం కొవ్వే. గుప్పెళ్లు పెడితే క్లోమం వాచే ప్రమాదం ఉంది. విదేశాల నుంచి వచ్చిన డబ్బాల్లో మకడమియా గింజలుంటే అవి వేరే సంగతి, వాటితో కుక్కల వెనక కాళ్లు పట్టు తప్పుతాయి.

నా పేచీ అంతా జీడిపప్పు సావాసంతోనే. పాయసంలో దాని పక్కనే కిస్మిస్ ఉంటుంది, అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు రాశారు. ఆ ఆమ్లం మన చింతపండులోనూ దండిగా ఉంది. అంటే జీడిపప్పు పులిహోర కూడా కుక్క పళ్లెంలోకి పోకూడదు. జీడిపప్పు పకోడీలోకైతే ఉల్లి చేరుతుంది, అది కుక్క రక్తకణాలను చిదిపేస్తుంది. తోటలో కుక్కను కట్టేసి, పండగ విస్తరాకు మాత్రం దాని ముందుకే తోసే మా బంధువులకి ఇది చెబితే, అంతా జీడి మీదికే నెట్టేస్తున్నారు.