ష్ట్రాయ్‌జెల్: వేళ్ల కొసల పనితనం

జర్మనీలో ఆదివారం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలయ్యేసరికి చాలా ఇళ్లలో కాఫీ పక్కన కేకు చేరుతుంది. క్రీమూ ఐసింగూ లేకుండానే అక్కడ తరాలుగా నిలిచింది ష్ట్రాయ్‌జెల్‌కూఖెన్. అడుగున ఈస్టుతో పొంగిన మెత్తని పిండి, పైన వెన్న, పంచదార, మైదా కలిపి నలిపిన పలుకులు. అంతే సరంజామా.

దీనికి పుట్టిల్లుగా సైలీషియాను చెబుతారు. ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దులు మారి, అక్కడి జర్మన్లు లక్షల సంఖ్యలో ఇల్లూ వాకిలీ వదిలి పడమటికి వెళ్లాల్సి వచ్చింది. కొత్త ఊళ్లలోనూ వాళ్లు ఈ కేకును మానలేదు. పోలండ్ వైపు సైలీషియాలో దీని తోబుట్టువు కోవోచ్. తాజా చీజు, గసగసాలు, ఆపిల్‌లలో ఏదో ఒకటి కూరి, పైన ఇవే పలుకులు చల్లుతారు. పెళ్లికి ముందు చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ దాన్ని పంచడం ఆనవాయితీ. 2011లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. జర్మనీలో కొన్నిచోట్ల అంత్యక్రియల తర్వాత కాఫీకి కూర్చున్నవారికి పెట్టేది కూడా ష్ట్రాయ్‌జెల్‌కూఖెనే. ఒక్క పెద్ద రేకులో కాల్చి ముక్కలు కోస్తే ఇంటికొచ్చిన వాళ్లందరికీ సరిపోతుంది. శుభానికీ అశుభానికీ పనికొచ్చే వంటలు ఎక్కడైనా అరుదే.

పలుకుల లెక్క సులువు: మైదా రెండు పాళ్లు, వెన్న ఒక పాలు, పంచదార ఒక పాలు. ఇంట్లో ఓటీజీకి 200, 100, 100 గ్రాములు చాలు. చిటికెడు ఉప్పు తప్పనిసరి. చల్లని వెన్నను చిన్న ముక్కలు చేసి పిండిలో వేసి, వేళ్ల కొసలతోనే నలపాలి. అరచెయ్యి తగిలితే ఆ వేడికి వెన్న కరిగి పిండి జారిపోతుంది. కజ్జికాయలకు పిండిలో కాచిన నూనె పోసి కలిపాక గుప్పిట్లో బిగించి చూస్తాం కదా, ఇక్కడా అదే పరీక్ష: పట్టుకుంటే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అందులోని కిటుకూ ఒక్కటే. కొవ్వు పిండి రేణువులను చుట్టేస్తే వాటికి తడి అందదు, గ్లూటెన్ సాగదు. అందుకే గుల్లగా వస్తుంది.

పలుకులన్నీ ఒకే సైజులో ఉండాలని పట్టుబట్టకండి. చిన్నవి కరకరలాడతాయి, బఠాణీని మించినవి లోపల మెత్తగా ఉంటాయి. ఆ తేడాలోనే రుచి ఉంది. మన ఎండల్లో మాత్రం పలుకులను అరగంట ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఓవెన్‌లో కరిగి ఒకే పొరగా అతుక్కుంటాయి.

అడుగు పిండికి మైదా 250 గ్రాములు, గోరువెచ్చని పాలు 125 మిల్లీలీటర్లు, పంచదార, వెన్న 40 గ్రాముల చొప్పున, ఒక చెంచా డ్రై ఈస్టు. నునుపుదేలేదాకా పిసికి, రెట్టింపు పొంగనివ్వాలి. వేసవిలో ముప్పావుగంటకే పొంగవచ్చు, గడియారాన్ని కాక పిండిని చూడండి.

వేసవి చివర జర్మన్లు దీని మీద ఊదారంగు ప్లమ్ పండ్లను కోసిన వైపు పైకి ఉండేలా వరుసగా పేరుస్తారు. రసం దిగి అడుగు నానకుండా కింద కాస్త బ్రెడ్ పొడి చల్లుతారు. మనకు ఆపిల్ బాగా కుదురుతుంది. మామిడి మాత్రం నేనైతే వెయ్యను.

న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్లు బేకరీల్లో చూసే క్రంబ్ కేక్ జర్మన్ వలసదారులు తీసుకెళ్లిన ఈ వంట సంతతే. అక్కడ పలుకుల పొర కేకు కన్నా మందంగా ఉంటుంది. నా మటుకు పాత పద్ధతే మేలు. కింది పిండి రుచి తెలియకపోతే అంతసేపు పిసికి, పొంగించి ప్రయోజనమేముంది?

190 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు కాలిస్తే పైన బంగారు రంగు తిరుగుతుంది. మూతపెట్టి దాచితే మర్నాటికి పలుకులు మెత్తబడతాయి. చేసిన రోజే తినండి, పక్కింటికీ ఒక పళ్లెం పంపండి.