సామర్లకోట కుంచెకు కర్టిస్ సాటా?

మొక్కల బొమ్మల పత్రిక అంటే చాలు, లోకమంతా ‘కర్టిస్ బొటానికల్ మ్యాగజీన్’ పేరే చెబుతుంది. చెప్పనివ్వండి, తప్పులేదు. విలియం కర్టిస్ 1787 ఫిబ్రవరిలో లండన్‌లో మొదలుపెట్టిన ఆ పత్రిక, మధ్యలో పదేళ్లు ‘క్యూ మ్యాగజీన్’గా పేరు మార్చుకున్నా, నేటికీ వస్తూనే ఉంది. అచ్చు గీతలే వేసేది, రంగులు మాత్రం ప్రతి కాపీకీ చేత్తోనే అద్దేవాళ్లు. 1948 దాకా అదే పద్ధతి! వాల్టర్ హుడ్ ఫిచ్ అనే మహానుభావుడు నలభై ఏళ్లకు పైగా ఆ పత్రికకు గీశాడు. ఒక్కడి చేతి మీదుగా రెండున్నర వేలకు పైగా బొమ్మలు వెళ్లాయి. చివరికి జీతం దగ్గర పేచీ వచ్చి 1877లో తప్పుకున్నాడు. కళాకారుడి బతుకు ఎక్కడైనా ఒకటే కదా.

ఇదంతా ఒప్పుకుంటూనే, పక్షపాతం అన్నా సరే, ఒక మాట అంటాను. అదే కాలంలో మన తీరాన గీసిన బొమ్మల ముందు కర్టిస్ తొలినాళ్ల బొమ్మలు చిన్నబోతాయి. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండ్ వైద్యుడు 1781 నుంచి పన్నెండేళ్లు సామర్లకోటలో ఉన్నాడు. అక్కడి మొక్కల్ని గీయడానికి మనవాళ్లనే కొలువులో పెట్టుకున్నాడు. లండన్‌కు వెళ్లిన వందలాది బొమ్మల్లోంచి వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఎంచిన 300, 1795 నుంచి పాతికేళ్ల పాటు విడివిడి భాగాలుగా ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాలై వెలువడ్డాయి. దానికి తొలిపలుకు రాసిందెవరనుకున్నారు? మన విశాఖపట్నంలో కాపురమున్న పాట్రిక్ రస్సెల్! రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ పెద్దమనిషిదే. విశాఖలో పోగుచేసిన రెండు వందల చేపల బొమ్మల్నీ 1803లో పుస్తకంగా వేశాడు. ఆ కథ వేరే రాయాలి.

ఇక బొమ్మ దగ్గరికి రండి. మొదటి సంపుటంలో 21వది మోదుగ. పెద్ద ఫోలియో కాగితం కాబట్టి కొమ్మను కుదించాల్సిన అగత్యం లేదు. కర్టిస్‌ది చేతిలో ఇమిడే చిన్న పేజీ. పెద్ద మొక్క వస్తే కత్తిరించో, వంచో, మడతపెట్టో సర్దుకోవాల్సిందే. పూత కొమ్మను దాని బరువుతో సహా కూర్చడం, మూడాకుల పత్రంలో ఈనెల్ని ఒక్కొక్కటిగా అంచుదాకా లాగడం, పువ్వును విప్పి రక్షక పత్రాలు, రేకులు, కేసరాలు, అండాశయం దేనికది విడిగా వేయడం: మంచి మొక్క బొమ్మంటే ఇదీ లెక్క. మోదుగ కాయకు కొనలోనే ఒక్క గింజ ఉంటుంది. మిగతాదంతా పల్చటి రెక్కే. ఆ సంగతి తప్పుగా వేస్తే బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా పనికిరాదు. ఆ రోజుల్లో రంగు దేనితో నూరేవారో, కుంచెకు ఉడుత వెంట్రుకలు వాడేవారో కాదో, తలా ఒక మాట చెబుతారు. నాకు ఆ గీత చాలు. వణుకు లేదు, తడబాటు లేదు.

కడుపు మండేది ఎక్కడంటే, లండన్‌లో ఈ బొమ్మల్ని రాగి రేకుల మీద చెక్కిన మెకంజీ పేరు చరిత్రలో ఉంది. సామర్లకోటలో గీసినవాడి పేరు ఆ పుస్తకంలో లేదు. ఒక తరం పోయాక మద్రాసులో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ కాస్త నయమనిపించాడు. 1838 నుంచి 1853 దాకా భాగాలుగా తెచ్చిన ‘ఐకోన్స్’ అనే మొక్కల బొమ్మల పుస్తకంలో 2,101 బొమ్మలున్నాయి. వాటి వెనక రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులున్నారని ఆయనే లోకానికి చెప్పాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు కూడా పెట్టాడు. మన చిత్రకారుడి పేరు వృక్షశాస్త్రంలోకి ఎక్కింది మరి! ఆ పేరు తర్వాత చెల్లకుండా పోయింది, అది వేరే సంగతి.

ఇప్పుడేం మిగిలింది? విశాఖ బీచ్ రోడ్డు వైపు ఒక హోటల్లో గోడనిండా ‘బొటానికల్’ పటాలు చూశాను. పాత బొమ్మలకు నకళ్లే. రంగు మాత్రం మిఠాయి కొట్టులోలా పులిమారు. కింద ఉండాల్సిన పువ్వు భాగాల్ని ఫ్రేములో పట్టలేదని కోసి పారేశారు. బొమ్మకు ప్రాణం అక్కడే ఉందని ఎవరు చెప్పాలి? ఇంకోచోట కంప్యూటర్ గీసిన మోదుగ కొమ్మలో కాడకు ఐదేసి ఆకులు! విస్తర్లు కుట్టే ముసలమ్మనడిగినా మూడని చెబుతుందే. ఇదేమంటే ఫొటోలున్నాయి కదా అంటారు. ఫొటో ఒక చెట్టు ఒక క్షణంలో ఎలా ఉందో చూపిస్తుంది. మొగ్గనీ పువ్వునీ కాయనీ ఒకే కాగితం మీద, పురుగు కొట్టిన ఆకును పక్కనపెట్టి ఆ జాతి లక్షణాన్ని చూపేది చిత్రకారుడే. కర్టిస్ పత్రిక తెచ్చే క్యూ ఉద్యానవనం వాళ్లు ఈనాటికీ చిత్రకారుల చేత గీయిస్తున్నది అందుకే.

మనకేం తక్కువ? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖ ఉంది, లలితకళల శాఖ ఉంది. ఊరికి ఆనుకునే కంబాలకొండ అడవి ఉంది. పోర్టుకూ ఉక్కు కర్మాగారానికీ ఏటా కేలెండర్లు వేసే అలవాటు ఎలాగూ ఉన్నదే. ఒక్క ఏడాది వాటి మీద పన్నెండు కంబాలకొండ మొక్కలు వేయించండి. మన పిల్లల చేత, పువ్వు విప్పి, భాగాలన్నీ కింద పెట్టి గీయించండి. తెలుగు పేరు పైన రాయండి. గీసినవాడి పేరు మాత్రం అందరికీ కనబడేంత పెద్దక్షరాల్లో వేయండి.