ఏ సిస్టమ్‌కు ఆ పుస్తకం

జనగామలో డిగ్రీ పిల్లలకు లినక్స్ చెప్పేటప్పుడు నాకు పదేపదే వినిపించే మాట ఒకటుంది. "సార్, గూగుల్ల కొడితే వచ్చింది, మన దగ్గర పనిచేస్తలేదు." ఇందులో పిల్లవాడి తప్పు లేదు, ఆ జవాబు రాసినాయన తప్పూ లేదు. ఆయన మ్యాక్ ముందు కూర్చుని రాశాడు, వీడి ముందున్నది ఉబుంటు.

ఫైల్‌లో ఒక మాట మార్చడానికి వాడే సెడ్ కమాండ్ సంగతే చూడండి. ఉబుంటులో 'మైనస్ ఐ' అంటే చాలు, ఆ ఫైల్‌లోనే మార్చేస్తుంది. మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో ఆ ఐ తర్వాత బ్యాకప్ ఫైల్ పేరుకు ఏ తోక తగిలించాలో చెప్పి తీరాలి; బ్యాకప్ అక్కర్లేదంటే ఖాళీ కోట్స్ పెట్టాలి. ఆ మ్యాక్ పద్ధతిని తెచ్చి ఉబుంటులో కొడితే, ఖాళీ కోట్సునే ఆదేశం అనుకుంటుంది, అసలు ఆదేశాన్ని ఫైల్ పేరనుకుని వెతుకుతుంది. అలాంటి ఫైలే లేదంటుంది. రేపటి తేదీ అడగాలన్నా అంతే: లినక్స్‌లో డేట్ కమాండ్‌కు 'మైనస్ డి', మ్యాక్‌లో 'మైనస్ వి'.

అందుకే బ్రౌజర్ తెరవకముందే 'ఎట్‌సీ' ఫోల్డర్‌లోని ఓఎస్-రిలీజ్ ఫైల్ చదివిస్తాను. విండోస్ అయితే 'విన్‌వర్' కొట్టిస్తాను. ఏ సిస్టమ్, ఏ వెర్షన్ అన్నది తేలాకే వెతుకులాట. కొత్త జిల్లాలు ఏర్పడిన 2016 అక్టోబర్ 11కు ముందు రాసిన కాగితాల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉంటాయి. ఆ కాగితం అబద్ధం కాదు, ఆనాటిది. ఇంటర్నెట్‌లో దొరికే పాత సమాధానాలనూ అలాగే చూడమంటాను.

నిజానికి మొదటి పుస్తకం సిస్టమ్‌లోనే ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రాసిన యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద 1971 నవంబర్ 3 అని ఉంది. 'మ్యాన్' అని కొడితే ఈరోజుకీ తెరుచుకునేవి ఆ వంశం పేజీలే. ఒకటో విభాగంలో కమాండ్లు, ఐదో దాంట్లో ఫైళ్ల రూపం, ఎనిమిదో దాంట్లో సిస్టమ్ నిర్వహణ. పనులకు వేళలు రాసిపెట్టే క్రాన్‌టాబ్ ఫైల్‌లో గంట ముందా, నిమిషం ముందా అని తడుముకునేవాళ్లు ఒకటో విభాగం చదివి నిరాశపడతారు. జవాబు ఐదో విభాగంలో ఉంది. కమాండ్ పేరే తెలియకపోతే 'మ్యాన్ మైనస్ కె' అని పక్కన ఒక మాట ఇస్తే, దానికి సంబంధించిన పేజీలన్నీ వరుసగా చూపిస్తుంది.

ఆన్‌లైన్‌లో నాకు ఎక్కువగా ఉపయోగపడేది డెబియన్ మ్యాన్‌పేజీల సైటు. అక్కడ ఏ విడుదలకు ఆ పేజీ విడిగా ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల మ్యాన్ పేజీల సైటు ఇంకా ఉదారమైనది. తమవే కాక నెట్‌బీఎస్‌డీ, సన్‌ఓఎస్, హెచ్‌పీ-యూఎక్స్ లాంటి ఇతర సిస్టమ్‌ల పేజీలూ అందులోనే పెట్టారు. రెండు సిస్టమ్‌లలో ఒకే కమాండ్ ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ లెర్న్ ఉంది. అక్కడ పేజీ చదివేముందు వెర్షన్ ఎంచుకునే పెట్టె చూసుకోవాలి.

మహబూబాబాద్‌లో పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ తమ్ముడు ఒకాయన, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయాక, పాత సిస్టమ్‌లో డెబియన్ వేయించుకున్నాడు. "తెలుగు ఫాంట్లు ఏవి అన్నా?" అని ఫోన్. డెబియన్‌లో 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీ ఉంది, అందులో పోతన 2000 ఫాంట్ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన ఫాంట్ అది. పోతన ఊరు బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాదే కదా, ఆ పేరు తెర మీద కనిపించినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఏ ఫాంట్లు ఎక్కాయో చూడటానికి 'ఎఫ్‌సీ-లిస్ట్' మ్యాన్ పేజీ తెరిపించాను. భాషను బట్టి వడకట్టే పద్ధతి అందులో చూసి, మిగతాది అతనే చేసుకున్నాడు.

భూపాలపల్లి దాటి మహాముత్తారం వైపు అడవిలోకి వెళ్తే సిగ్నల్‌ను నమ్ముకోలేం. మ్యాన్ పేజీలకు నెట్ అక్కర్లేదు. పవర్‌షెల్‌కు మాత్రం ముందుచూపు కావాలి: దాని పూర్తి సహాయం విండోస్‌తో పాటు రాదు. నెట్ ఉన్నచోట 'సేవ్-హెల్ప్' కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అక్కడి సిస్టమ్‌లో 'అప్‌డేట్-హెల్ప్'కు ఆ ఫోల్డర్ దారి చూపిస్తే సరిపోతుంది. అటు పాఠాలు చెప్పడానికి వెళ్లే ప్రతి ఒక్కరినీ ఇది చేయమని బతిమాలుతుంటాను.

జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ భాషల్లో ఎన్నో మ్యాన్ పేజీలున్నాయి. మన పిల్లలకూ తెలుగులో ఆ పేజీలు కావాలి. మొదలుపెట్టేవాళ్లు ఏడో విభాగంలోని 'హైయర్' పేజీతో మొదలుపెట్టండి. ఏ ఫోల్డర్‌లో ఏముంటుందో చెప్పే పేజీ అది. కొత్తగా లినక్స్ ముందు కూర్చున్నవాడు మొదట అడిగేది అదే.