పరిష్కర్త్రి నాగరత్నమ్మ: మన విమర్శకుల మౌనము

పరిశోధనమనగా నేమి? లభించిన ప్రతిని లభించినట్లు నమ్మక, మూలమును వెదకి, ప్రతులను పోల్చి, లోపమును గుర్తించి, యథార్థమును నిరూపించుట. ఈ లక్షణము సరియైనచో, గత శతాబ్ది ఆరంభమున చెన్నపురిలో ఈ పనియే చేసిన ఒక విదుషిని మన సాహిత్యచరిత్రలు పరిశోధకురాలిగా ఏల పేర్కొనవు? ఆమె బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952).

ఈ నగరమున తెలుగు బోధించు నేను పై తరగతుల విద్యార్థులను ఆమెను గూర్చి అడిగినపుడెల్ల, తెలిసిన ఒకరిద్దరు తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినవారని చెప్పుదురు. అది సత్యమే. పెద్దలు ‘రాధికాసాంత్వనము’ వివాదమును తలచుకొందురు. అదియు సత్యమే. కాని ఆమె యొక గ్రంథమును పరిష్కరించినారన్న మాట ఈ రెంటి నడుమ జారిపోయినది.

విషయమిది. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున వెలసిన కవయిత్రి. ఆమె రచించిన శృంగార ప్రబంధము రాధికాసాంత్వనము. దానిని 1887లో పైడిపాటి వెంకటనరసుగారు ప్రకటించిరి. నాగరత్నమ్మగారు ఆ ముద్రితప్రతిని ప్రయాసతో సంపాదించి చదివిరి. పిదప వ్రాతప్రతి చేత చిక్కగా రెంటిని పోల్చి చూచిరి. అచ్చుప్రతిలో కవయిత్రి స్వవిషయమును తెలుపు పీఠికయు, కొన్ని పద్యములును లేవు. వానిని చేర్చి 1910లో వావిళ్లవారిచే గ్రంథమును ముద్రింపించిరి.

ఇచ్చట పీఠిక ప్రాధాన్యమును గమనింపవలెను. ప్రబంధకవి తన వంశమును, విద్యను, ఆశ్రయమును చెప్పుకొనునది అందే. ముద్దుపళని తన అవ్వ తంజనాయకి మొదలైన స్త్రీలను అందు సగౌరవముగ స్మరించినది. పీఠికను తొలగించినచో గ్రంథము మిగులును గాని గ్రంథకర్త్రి మరుగుపడును. నాగరత్నమ్మగారు పూరించినది కేవలము పుటల కొరతను గాదు. ఒక కవయిత్రి వ్యక్తిత్వమును.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఈ కావ్యమును స్త్రీ రచింపదగనిదిగా నిందించిరి. శృంగారమునకు పురుషకవుల కొక కొలతయు, కవయిత్రికి వేరొక కొలతయు ఉండరాదన్నది నాగరత్నమ్మగారి ప్రత్యుత్తర సారము. ఇది తగవులాట గాదు, విమర్శసూత్రము. స్త్రీవిద్యకు పంతులుగారు చేసిన సేవ అపారము. కవుల చరిత్రమునకు మనమందరము ఋణపడియున్నాము. అట్టివారికే ఈ ద్వంద్వము గోచరింపకున్నచో తక్కినవారి మాట చెప్పనేల?

1911లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు దానిని పునర్ముద్రించిరి. ఆ యేటనే నాగరత్నమ్మగారు దివంగతులైరి.

ఆమెకు విశ్వవిద్యాలయ పట్టము లేదు, నేటి పరిష్కరణ పద్ధతులు వేరు అని కొందరనవచ్చును. నిజమే. కాని ఆనాడు తాళపత్రములను పరిష్కరించిన పండితులలో ఎందరికి పట్టములుండెను? వారి పనిని పరిశోధనమని అంగీకరించి, అదే పనిని ఈమెయందు ‘సాహసము’ అనుట న్యాయము గాదు. సాహసమన్న మాట ప్రశంసవలె తోచును. దాని చాటున పాండిత్యము కనుమరుగగును.

ఇట్టి స్థితి వీరొక్కరిదే కాదు. భండారు అచ్చమాంబగారు (1874-1905) స్త్రీలు సహజముగ బుద్ధిహీనులన్న అపవాదును ఖండింపనెంచి, బహుగ్రంథములను శోధించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను కూర్చిరి. ఆమెను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సోదరిగా ఎరిగినవారే గాని చరిత్రకారిణిగా ఎరిగినవారు మనలో తక్కువ.

కావున నా మనవి యొకటి. ప్రతులను వెదకిన, పోల్చిన, ఎత్తివ్రాసిన స్త్రీల పేర్లను మన పీఠికలలో వారి పనితో సహా పేర్కొందము. దయతో గాదు, ప్రమాణదృష్టితో. మొన్న తరగతిలో నాగరత్నమ్మగారి పేరు ప్రక్కన ‘పరిష్కర్త్రి’ అని నల్లబల్లపై వ్రాసితిని. పిల్లలు అర్థమడిగిరి. వివరించుటకు ఆ గంట చాలలేదు.